కళ్లు మూసుకోమంటే ఎలా?

సంపాదకులకు నమస్కారం.

భర్త చేతిలో దెబ్బలు తిన్న ఆడవాళ్లు రోజూ కాసేపు శ్వాస మీద ధ్యాస పెడితే మనసు కుదుటపడుతుందని మొన్న ఆదివారం మీ పేజీలో వేశారు. అబద్ధం అనను. నా సంగతి చెప్తాను.

ఆ ఇంట్లోంచి బయటికొచ్చిన నాలుగు నెలలకి అక్క పోరు పడలేక ఒక ధ్యానం క్లాసుకి వెళ్లాను. కళ్లు మూసుకోండి, గాలి గొంతులోంచి దిగడం గమనించండి అన్నారు. ఆ గొంతుని మా ఆయన రెండుసార్లు నొక్కాడు. రెండు నిమిషాలు కూడా కాకుండానే ఒళ్లంతా చెమటలు, చెప్పులు కూడా వేసుకోకుండా రోడ్డు మీదికొచ్చేశాను. "మొదట్లో మనసు మొరాయిస్తుందమ్మా, మానకండి" అంది నేర్పే ఆవిడ. మంచిదే పాపం, తెలీదంతే. ఎనిమిదేళ్లు గుమ్మంలో బండి ఆగిన చప్పుడు కోసం చెవులు రిక్కించి బతికినదాన్ని, కళ్లెలా మూసుకుంటాను?

తర్వాత ఒక సైకాలజిస్టు నేర్పింది వేరే. కళ్లు తెరిచే ఉంచి, వీపు గోడకి ఆనించి, తలుపు కనబడేలా కూర్చుని, ఊపిరి జోలికే పోకుండా అరికాళ్లకి నేల చల్లగా తగులుతోందా లేదా చూసుకోవడం, మూడు నిమిషాలు, వద్దనిపిస్తే లేచిపోవచ్చు. (నాకు ఎక్కువ పనిచేసింది ఆ లేచిపోవచ్చు అన్న మాటేనేమో.)

మైండ్‌ఫుల్‌నెస్ అనే ఇలాంటి ధ్యానాన్ని జాన్ కబాట్-జిన్ అనే శాస్త్రవేత్త 1979లో అమెరికాలో ఒక కోర్సుగా మొదలుపెట్టింది తగ్గని నొప్పులతో బాధపడే రోగుల కోసం. హింస నుంచి బయటపడ్డ స్త్రీలకి తగ్గట్టు దాన్ని మార్చి 2016లో పరీక్షిస్తే ట్రామా (హింస మనసులో మిగిల్చిన గాయం) లక్షణాలు, డిప్రెషన్ తగ్గాయి, అయితే అందులో ఉన్నది 45 మందే. ఆ మార్చడం గురించే మీరు ఒక్క ముక్క రాయలేదు.

ఇంకోటి, ఇంకా ఆ ఇంట్లోనే ఉన్నవాళ్లకీ ఇదే సలహానా? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం పెళ్లయిన ఆడవాళ్లలో భర్త హింస అనుభవించినవాళ్లు ఆంధ్రలో 30 శాతం, తెలంగాణలో దాదాపు 37. కొట్టేవాడు పక్క గదిలో ఉన్నప్పుడు ఆ టెన్షనే మనిషిని కాపాడుతుంది. మా అత్తగారూ అనేది, మనసు ప్రశాంతంగా ఉంచుకోమ్మా అని. 2005 గృహహింస చట్టం కింద ఆ ఇంట్లోనే ఉండే హక్కు నాకుందని మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఈసారి ఇలాంటిది వేస్తే పద్మాసనం బొమ్మకిచ్చిన చోటులో సగం తీసి మహిళా హెల్ప్‌లైన్ 181, మానసిక సహాయానికి టెలిమానస్ 14416, ఈ రెండు నంబర్లూ వేయండి. నా పేరు వేయొద్దు.

- ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం