మా బాబును మెట్ల మీద నుంచి లేవనివ్వండి సార్

గౌరవనీయులైన రాష్ట్ర వైద్య, ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

దేవరకొండ దగ్గరి ఒక పల్లె నుంచి ఓ తల్లి నమస్కరించి రాసుకుంటున్నది.

సార్, ఇదే సంగతి మీద ఇప్పటికి మూడు అర్జీలు పెట్టుకున్న. ఒకదానికి రసీదు ఇచ్చారు, మిగతా రెండింటికి అదీ లేదు. అందుకే నలుగురూ చదివేటట్టు రాస్తున్న.

మా బాబుకు 14 ఏళ్లు. హీమోఫీలియా ఏ, తీవ్రమైన రకం. ఫ్యాక్టర్ 8 ఒక శాతం కూడా లేదు. జబ్బు సంగతి మీకు చెప్పక్కర్లేదు గానీ, చదివేటోళ్ల కోసం ఒక మాట: ఫ్యాక్టర్ 8 అంటే రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన ప్రోటీన్, అది లేకపోతే రక్తం తొందరగా ఆగదు, కీళ్ల లోపల కూడా కారి అవి వాస్తయి. బడి మెట్ల సంగతి చెప్తా.

ఆటల పీరియడ్ గంట కొట్టంగనే తోటి పిల్లలు గ్రౌండులోకి ఉరుకుతారు. మా వాడు వరండా మెట్ల మీద కూర్చుని వాళ్ల చెప్పులకు, వాటర్ బాటిళ్లకు కాపలా కాస్తాడు. రెండేళ్లుగా ఇదే. పీటీ సారు చెడ్డాయన కాదు. మోకాలు వాస్తే ఏం చేయాల్నో, ఎక్కడికి తీసుకపోవాల్నో తెలవక భయపడతాడు. నేను ఆయన జాగలో ఉన్నా భయపడేదాన్నే.

కానీ కూర్చుని కూర్చుని వాడి తొడలు సన్నబడ్డయి. కండ బలంగా ఉంటేనే కీలును కాపాడుతుంది, కబడ్డీ వద్దుగానీ నడక, ఈత, సైకిల్ మానొద్దు అని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. జబ్బు అంత తీవ్రంగా లేని పిల్లలకైతే వ్యాయామం చేసినప్పుడు వాళ్ల ఒంట్లో ఉన్న ఫ్యాక్టర్ 8 కాసేపు పెరుగుతుందట. మా వాడి ఒంట్లో పెరగడానికి అసలు ఉంటే కదా సార్. వాడు కదలాలంటే ముందు ఫ్యాక్టర్ 8 మందు సూదితో ఎక్కించాలె.

ఆ మందు 12 గంటల్లోపే సగానికి పడిపోతుంది. మేం పొద్దున 4 గంటలకు లేచి హైదరాబాద్ బస్సెక్కుతాం. చీటీ, లైను, పరీక్ష అయ్యి సూది పడేసరికి మధ్యాహ్నం దాటుతుంది. ఇల్లు చేరేసరికి రాత్రి. తెల్లారి బడికి పోయేటప్పటికి సగానికి పైగా కరిగిపోయి ఉంటది. ఉన్న బలమంతా బస్సు సీట్లోనే అయిపోతున్నది సార్.

నిరుడు ఉగాది ముందు ఒక సారు మాట ఇచ్చిండు. దగ్గరి దవాఖానలోనే ఫ్యాక్టర్ పెడతాం, నెలకోసారి ఫిజియోథెరపీ ఆయన వస్తడు అని. దసరా పోయింది, సంక్రాంతి పోయింది. పోయినప్పుడల్లా స్టాకు లేదు, వచ్చే వారం రమ్మంటారు. వచ్చే వారం పోతే మళ్లీ వచ్చే వారం. ఒకసారైతే మోచేయి వాచి పిల్లగాడు ఏడుస్తుంటే, నొప్పి తగ్గడానికని కండకు సూది వేయబోయిండ్రు. ఈ జబ్బున్నోళ్లకు కండలో సూది వేస్తే అక్కడే లోపల రక్తం కారి వాస్తుందని చెప్పి నేనే చెయ్యి పట్టుకుని ఆపిన. నేను ఆ పూట పక్కన లేకపోతే?

మా తమ్ముడికీ ఇదే జబ్బు. కదిలితే రక్తం వస్తదని మా అమ్మ వాణ్ని మంచం దిగనియ్యలేదు. ఇరవై ఏళ్లు రాకముందే వాడి మోకాలు వంగకుండా బిగుసుకపోయింది. అమ్మకు చెప్పేవాళ్లు లేకపోయిరి. నాకు చెప్పేవాళ్లున్నా మందు లేకపాయె.

సార్, దండం పెట్టి అడుగుతున్న. ఫ్యాక్టర్ మా దగ్గర్లో పెట్టించండి. కాకపోతే నెలకు సరిపడా మందు మా ఇంటి ఫ్రిజ్‌లో పెట్టుకోనియ్యండి. నరానికి సూది ఎట్ల వేయాల్నో నాకు నేర్పించండి, నేర్చుకుంటా. బట్టలు కుట్టి బతికేదాన్ని, నా చెయ్యి వణకదు. పీటీ సారుకు ఒక్క పూట ఎవరన్నా వచ్చి చెప్పిపొండి. ఫిజియోథెరపీ ఆయన్ను పంపించండి. మందు మాత్రం మరవకండి సార్, మందు.

మా బాబు బడిలో ఆటల పీరియడ్ సోమవారం పొద్దున 11 గంటలకు. 8 గంటలకు ఇంట్లో సూది పడితే చాలు, వాడు గ్రౌండు చుట్టూ నడుస్తడు.

ఇట్లు,
మీ జవాబు కోసం చూస్తున్న ఒక తల్లి