మూడుసార్లు మూసేసిన టికెట్ గురించి మళ్లీ రాస్తున్నాను

సపోర్ట్ మేనేజర్ గారికి,

మీ కంటైనర్ ఇమేజ్ (ప్రోగ్రామ్ నడవడానికి కావాల్సినవన్నీ కలిపి మీరిచ్చే ప్యాకేజీ) మీద నడిచే మా స్ట్రీమింగ్ జాబ్, అంటే వచ్చే డేటాని వచ్చినట్టే ప్రాసెస్ చేసే ప్రోగ్రామ్, ఆగిపోయినందుకు కాదు నా కోపం. జాబులన్నాక ఆగుతాయి, నడిపేవాళ్లకి అది కొత్తేమీ కాదు. ఎందుకు ఆగిందో నేనే కనిపెట్టి, ఆధారాలతో సహా రాసి పంపిస్తే 11 రోజుల్లో మీ దగ్గర ఒక్కరంటే ఒక్కరు కూడా దాన్ని చదవలేదు. నా బాధ అది.

జాబ్ ఆగిన రాత్రి కాఫ్కాలో (మా జాబ్ చదవాల్సిన మెసేజ్‌లు వచ్చి చేరే చోటు) చదవని మెసేజ్‌లు పేరుకుపోతున్నాయని మాకు అలారం వచ్చింది. మీ డ్యాష్‌బోర్డ్‌లో చూస్తే మా జాబ్ నడిచే కంటైనర్ పచ్చగా ఉంది, 'రన్నింగ్' అని ఉంది, రీస్టార్ట్‌లు సున్నా. షెల్ తెరిచి ప్రాసెస్‌ల లిస్టు తీశాను. మా జాబ్‌ని నడిపే జావా ప్రాసెస్ లేనే లేదు! ఉన్నవల్లా 1వ నంబరు ప్రాసెస్‌గా (కంటైనర్‌లో మొదట లేచేది) మీ స్టార్టప్ స్క్రిప్టు, దాని కింద లాగ్ ఫైల్‌ని చూస్తూ కూర్చున్న ఒక టెయిల్ కమాండు. జావాని బ్యాక్‌గ్రౌండ్‌లో లేపి, ఆ తర్వాత టెయిల్ మీద ఆగిపోయేలా ఆ స్క్రిప్టు రాశారు. మెమరీ ఎర్రర్‌తో జావా పోయింది, స్క్రిప్టు మాత్రం బతికే ఉంది. కంటైనర్లని నడిపే కుబర్నెటీస్ మా కంటైనర్‌ని మళ్లీ లేపాలంటే 1వ నంబరు ప్రాసెస్ పోవాలి, లేదా లైవ్‌నెస్ ప్రోబ్ (ప్రోగ్రామ్ బతికుందా అని మధ్యమధ్యలో చూసే తనిఖీ) ఫెయిలవ్వాలి. ప్రోబ్ మీ టెంప్లేట్‌లో లేదు. అలా 6 గంటలు గడిచిపోయాయి. ఎక్కడిదాకా చదివామో దాచి ఉంచే చెక్‌పాయింట్ ఉండబట్టి డేటా పోలేదు గానీ, ఆ 6 గంటలూ మా కస్టమర్లకి వెళ్లాల్సిన అలర్ట్‌లు ఒక్కటీ వెళ్లలేదు, వాళ్లతో మాటలు పడింది మేము.

ఇదంతా మొదటి మెసేజ్‌లోనే రాశాను, ప్రాసెస్‌ల లిస్టు కూడా జతచేశాను. మొదటాయన "ఒకసారి రీస్టార్ట్ చేసి చూడండి" అని మూసేశారు, మళ్లీ తెరిచాను. రెండో ఆవిడ డ్యాష్‌బోర్డ్ స్క్రీన్‌షాట్ అడిగారు, పంపాను, అందులో పచ్చగా ఉంది కాబట్టి "కంటైనర్ ఆరోగ్యంగానే ఉంది" అని టికెట్ మూసేశారు. అది పచ్చగా ఉండటమే కదండీ నా ఫిర్యాదు! మళ్లీ తెరిచాను. మూడో ఆయన, మొదటి రోజు పంపిన లాగ్‌లే మళ్లీ అడిగి, మెమరీ పెంచుకోమని చెప్పి మూసేశారు. పెంచితే జావా పోయేది ఇంకాస్త ఆలస్యంగా, అంతే. పోయినప్పుడు మాకు తెలియకపోవడం అలాగే ఉంటుంది.

ఇంకోటి. కొత్త వెర్షన్ పెట్టే ప్రతి డిప్లాయ్‌లోనూ మా కంటైనర్లు 137 అనే ఎగ్జిట్ కోడ్‌తో ముగుస్తున్నాయి. ఇదీ మెమరీ సమస్యే అన్నారు మీ సపోర్ట్ వాళ్లు. కాదు. 137 అంటే 128కి 9 కలిపితే వచ్చేది, అంటే సిగ్‌కిల్ (ప్రాసెస్‌ని బలవంతంగా చంపే 9వ నంబరు సిగ్నల్) పడిందని మాత్రమే. మెమరీ వల్ల అయితే పాడ్ (కుబర్నెటీస్‌లో కంటైనర్ ఉండే యూనిట్) వివరాల్లో 'ఊమ్‌కిల్డ్' అని కారణం కనబడాలి, మాకు లేదు. ఆపమని వచ్చే సిగ్‌టర్మ్ మీ స్క్రిప్టు దగ్గరే ఆగిపోతోంది, జావాకి చేరట్లేదు, డిఫాల్ట్ గడువు 30 సెకన్లు అయిపోగానే కుబర్నెటీస్ బలవంతంగా చంపేస్తోంది. ఈ మాట ఫోన్‌లో చెబుదామని 40 నిమిషాలు లైన్లో ఉంటే, చివరికి బిల్లింగ్ వాళ్లకి కలిపారు. వాళ్లు నన్ను మళ్లీ టికెట్ తెరవమన్నారు. కథ మొదటికొచ్చింది.

నాలుగేళ్ల నుంచి మీతో ఉన్నాం. మీ డాక్యుమెంటేషన్ సగం కూడా లేని రోజుల్లో మేమే బగ్‌లు వెతికి పంపాం, మీ బీటా రిలీజ్‌లు మా జాబుల మీద నడిపి చూశాం, అడిగిన ప్రతి టీమ్‌కీ మీ పేరే చెప్పాం. అప్పట్లో మెయిల్ పెడితే ఇంజనీర్ స్వయంగా ఫోన్ చేసేవారు. ఇప్పుడు గోడకి చెప్పుకున్నట్టుంది.

స్క్రిప్టులో జావాని ఎగ్జెక్‌తో (స్క్రిప్టు స్థానంలోనే ప్రోగ్రామ్‌ని పెట్టే కమాండు) లేపితే జావాయే 1వ నంబరు ప్రాసెస్ అవుతుంది, పోతే కంటైనర్ కూడా పోతుంది, కుబర్నెటీస్ మళ్లీ లేపుతుంది. ఒక్క లైను మార్పు. ప్రోబ్ కూడా పెట్టండి, ఇదే ఇమేజ్ వాడే మిగతా కస్టమర్లకీ చెప్పండి, వాళ్ల జాబులు ఎన్ని ఇలా చచ్చి పడున్నాయో. కానీ అంతకంటే ముందు, ఈ ఇమేజ్ తయారుచేసిన ఇంజనీర్ ఎవరో వాళ్లతో నాకు జవాబు ఇప్పించండి. సపోర్ట్ నుంచి ఇంకో రెడీమేడ్ మెయిల్ వస్తే నేను తీసుకోను.

వచ్చే నెల మా కాంట్రాక్ట్ రెన్యువల్ ఉంది. ఈ శుక్రవారంలోగా ఆ జవాబు రాకపోతే సంతకం పెట్టొద్దని మా మేనేజ్‌మెంట్‌కి నేనే రాసిస్తాను. రెండు జాబులు ఇప్పటికే మా సొంత ఇమేజ్ మీదికి మార్చేశాం.

ఇట్లు,
మీ టికెట్‌ని నాలుగోసారి తెరిచిన కస్టమర్