సమాధానానికి ముందు సరైన ప్రశ్నలడిగిన మిత్రులకు కృతజ్ఞతలు

తెలుగులో కంప్యూటర్ వాడేవారికి సాయపడుతున్న మన బృందంలోని పెద్దలకు, మిత్రులకు నమస్కారం. నెల్లూరు జిల్లా కోవూరు ప్రాంతంలోని మా రైతుల సంఘం తరఫున ఈ లేఖ రాస్తున్నాను. రైతుల పేర్లు, సర్వే నంబర్లు, వేసిన వరి రకం, దిగుబడి అంచనా, బ్యాంకు ఖాతా నంబర్లు ఉన్న మా జాబితాను ఫోన్‌లోని యాప్ నుంచి సీఎస్వీ ఫైలుగా (విలువల మధ్య కామాలు పెట్టి రాసే సాదా పాఠం ఫైలు) దించి ఎక్సెల్‌లో తెరిస్తే తెలుగు చదవడానికి వీలు లేకుండా వస్తోందని మేము మిమ్మల్ని అడిగాము. కోతలు మొదలయ్యేలోపు ఆ జాబితా సిద్ధం కాకపోతే ఎవరికి ఎన్ని గోతాలు ఇవ్వాలో, ఏ రోజు ఏ కళ్లం దగ్గరికి లారీ పంపాలో తేలదు. మీ సాయంతో జాబితా వేళకు అందింది. అందినందుకు ధన్యవాదాలు చెప్పడానికి రెండు వాక్యాలు చాలును గానీ, పరిష్కారం చెప్పడానికి ముందు మీరు మమ్మల్ని అడిగిన ప్రశ్నల్లోనే అసలు సాయం ఉందని మా సంఘంలో అందరం అనుకుంటున్నాము. అందుకే వాటి గురించి వివరంగా రాస్తున్నాను.

ఇలాంటి ఇబ్బంది వచ్చినప్పుడు మా వైపు సాధారణంగా వినిపించే ప్రశ్న ‘తెలుగు రావడం లేదు, ఏ ఫాంట్ వేయాలి?’ అనేది. ఆ ప్రశ్నకు ఉన్నది ఉన్నట్టుగా జవాబిస్తే నాలుగైదు ఫాంట్ల పేర్లు వస్తాయి, వాటన్నింటినీ ఎక్కించినా జాబితా మాత్రం అలాగే ఉంటుంది. ఖమ్మం నుంచి స్పందించిన ఉపాధ్యాయురాలు ఫాంట్ల జోలికే పోకుండా, ‘రావడం లేదంటే తెర మీద సరిగ్గా ఏమి కనిపిస్తోంది? డబ్బాలా, ప్రశ్నార్థకాలా, ఇంగ్లీషు అక్షరాలా, వింత గుర్తులా?’ అని అడిగారు. చూడడానికి ఈ నాలుగూ ఒకే ఇబ్బందిలా ఉంటాయి గానీ నాలుగింటికీ కారణాలు వేరు.

డబ్బాలు కనిపిస్తే కంప్యూటర్‌లో తెలుగు ఫాంట్ లేదని అర్థం. విండోస్ ఎక్స్‌పీ కాలంలోనే గౌతమి అనే తెలుగు ఫాంట్ వచ్చింది, విండోస్ 8 నుంచి నిర్మల యూఐ సిస్టమ్‌తోనే వస్తోంది, అందువల్ల ఇప్పుడు ఆ ఇబ్బంది అరుదు. మామూలు ఇంగ్లీషు అక్షరాలు కలగాపులగంగా కనిపిస్తే, అది బహుశా అను అనే డీటీపీ సాఫ్ట్‌వేర్ వంటి, ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ఆకారాలు పెట్టే పాత పద్ధతిలో టైపు చేసిన పాఠం అయి ఉంటుంది. ప్రశ్నార్థకాలు వరుసగా ఉంటే తెలుగుకు చోటు లేని పద్ధతిలో ఫైలు సేవ్ అయిందని, అక్షరాలు ఆ ఫైలులో ఇక లేవని గ్రహించాలి. ఏ ఫాంటూ వాటిని తిరిగి తేలేదు.

మాకు కనిపించినది నాలుగో రకం. నెత్తిన ఏటవాలు గీత ఉన్న చిన్న ఇంగ్లీషు ‘ఎ’ అక్షరం, దాని పక్కన ఉష్ణోగ్రతకు వేసే డిగ్రీ సున్నా, లేదంటే ప్లస్, మైనస్ కలిసిన గుర్తు, ఆ వెంటనే మరేదో గుర్తు. ఒక్కో రైతు పేరు నిండా ఇదే వరుస మళ్లీ మళ్లీ వస్తోంది. ఆ మాట రాయగానే ఖమ్మం ఉపాధ్యాయురాలు కారణం చెప్పగలిగారు. ప్రపంచ లిపులన్నింటికీ ఉమ్మడి అక్షర పట్టిక అయిన యూనికోడ్‌లో తెలుగుకు 128 స్థానాలు కేటాయించారు. ఆ పట్టికలోని అక్షరాలను ఫైలులో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఆ స్థానాల్లోని ప్రతి అక్షరానికీ మూడు బైట్లు (కంప్యూటర్ సమాచారాన్ని దాచుకునే చిన్న ముక్కలు) పడతాయి. మొదటి బైటు అన్నింటికీ ఒకటే, రెండోది రెండే రెండు రకాలు. పాశ్చాత్య ఐరోపా భాషల కోసం చేసిన పాత పట్టికతో ఆ బైట్లను విడివిడిగా చదివితే మొదటిది గీత ఉన్న ‘ఎ’ గానూ, రెండోది డిగ్రీ గుర్తుగానో ప్లస్-మైనస్‌గానో కనిపిస్తుంది. అంటే మా ఫైలులో తెలుగు భద్రంగానే ఉంది, ఎక్సెల్ దాన్ని తప్పు పట్టికతో చదువుతోంది. మేము రాసిన ఆ గుర్తుల వర్ణన ఒక్కటి ఆమెకు సరిపోయింది. ‘ఏవో పిచ్చి అక్షరాలు’ అని ఊరుకుంటే సరిపోయేది కాదు.

వరి పైరు పసుపు రంగుకు తిరిగి పచ్చబడిందని చెబితే వ్యవసాయాధికారి వెంటనే మందు పేరు రాయరు. ముదురాకు ముందు పచ్చబడిందా, లేతాకు ముందు పచ్చబడిందా అని అడుగుతారు, ఎందుకంటే మొదటిదైతే నత్రజని లోపాన్ని, రెండోదైతే ఇనుము లోపాన్ని అనుమానించాలి. పొలానికి వచ్చి చూడలేని మనిషికి ఆ ఒక్క వివరమే కళ్లవుతుంది. మా కంప్యూటర్ ముందు కూర్చోలేని మీకు కూడా మా మాటలే ఆధారం కనుక, మీరెన్ని వివరాలు అడిగినా అది మమ్మల్ని విసిగించడమని మేము అనుకోలేదు.

తరువాత హైదరాబాదు మిత్రులొకరు ఫైలు చూడాలన్నారు, అయితే అసలు ఫైలును పంపవద్దని కూడా ఆయనే గట్టిగా చెప్పారు. అందులో రైతుల ఖాతా నంబర్లున్నాయి. ఐదు వరుసలు మాత్రం కల్పించి పంపమని, పేర్లూ అంకెలూ మార్చినా ఖాతా నంబరులో ఎన్ని అంకెలుంటే అన్నీ ఉంచమని, సర్వే నంబరులో గీత ఎటు ఉంటే అటే ఉంచమని వివరించారు. ఈ సూచనకు మా సంఘం ప్రత్యేకంగా రుణపడి ఉంది. సాయం కావాలన్న తొందరలో ఊరందరి ఖాతా నంబర్లనూ ముక్కూముఖం తెలియని వందల మంది ముందు పెట్టడం ఎంత ప్రమాదమో వేరే చెప్పనక్కరలేదు. వివరం ఇవ్వడం వేరు, రహస్యంగా ఉండవలసినది బయట పెట్టడం వేరు. ఆ తేడాను ఆయన మా కోసం ముందే ఆలోచించి పెట్టారు.

ఆ ఐదు వరుసల నమూనాతో మరొక మేలు జరిగింది. వాటిని నేరుగా ఎక్సెల్‌లో టైపు చేస్తే తెలుగు చక్కగా వచ్చింది. అవే వరుసలను యాప్‌లో ఎక్కించి సీఎస్వీగా దించి, రెండుసార్లు నొక్కి తెరిస్తే గుర్తులు వచ్చాయి. దానితో కీబోర్డు, ఫాంటు, విండోస్ అన్నీ అనుమానం నుంచి తప్పుకొని, ఆ ఫైలును ఎక్సెల్ తెరిచే తీరు ఒక్కటే మిగిలింది. ఇబ్బందిని చిన్న నమూనాగా కుదించమని సాంకేతిక నిపుణులు ఎందుకు పట్టుబడతారో మాకు అప్పుడు అర్థమైంది.

అదే నమూనాలో మేము అడగని లోపం కూడా ఆయన కంటపడింది. ఒక ఖాతా నంబరు 16 అంకెలది, తెరిచి చూస్తే చివరి అంకె సున్నాగా మారి ఉంది. ఎక్సెల్ ఏ సంఖ్యలోనైనా 15 అంకెల వరకే ఖచ్చితంగా నిలుపుకుంటుందని, ఆపై వచ్చే అంకెలను సున్నాలు చేస్తుందని, నంబరు ముందున్న సున్నాలను కూడా తీసివేస్తుందని ఆయన చెప్పారు. నమూనాలో అంకెల సంఖ్య తగ్గించి పంపి ఉంటే ఇది ఎవరి కంటా పడేది కాదు. తెలుగు పేర్లు బాగుపడ్డాయన్న సంతోషంలో తప్పు ఖాతా నంబర్లున్న జాబితాను ముందుకు పంపితే జరిగే నష్టం పేర్లు కనబడకపోవడం కంటే ఎన్నో రెట్లు పెద్దది.

సర్వే నంబర్ల సంగతి ఒంగోలు సోదరుడు తేల్చారు. కొన్ని నంబర్లు సరిగ్గా ఉండి కొన్ని మాత్రం తేదీలుగా మారడం, అదీ సంఘం కంప్యూటర్‌లో ఒక తేదీగా, మా సభ్యుడి ల్యాప్‌టాప్‌లో మరో తేదీగా మారడం మాకు అంతుపట్టలేదు. ఆయన రెండు వివరాలు కోరారు: రెండు యంత్రాల్లోనూ ఎక్సెల్ ఏ సంవత్సరపుది, విండోస్‌లో తేదీ ఏ దేశపు పద్ధతిలో ఉంది. సంఘం కంప్యూటర్‌లో ఎక్సెల్ 2010, భారతీయ తేదీ పద్ధతి. ల్యాప్‌టాప్‌లో కొత్త ఎక్సెల్, అమెరికా తేదీ పద్ధతి. 12/3 అనే సర్వే నంబరును మొదటిది మార్చి 12గా, రెండోది డిసెంబరు 3గా తీసుకున్నాయి. 145/2 వంటివి ఏ పద్ధతిలోనూ తేదీ కాలేవు కనుక చెక్కుచెదరలేదు. ఈ రెండు వివరాలు లేకుండా ఎంతటి నిపుణుడైనా ఊహించడం తప్ప చేయగలిగింది లేదు.

ఒక నిలువు వరుస పైన ‘పుట్లు’ అని ఉండడం చూసి, పుట్టి అంటే ఎన్ని కిలోలుగా లెక్కిస్తున్నారని ఆ ఖమ్మం టీచరమ్మే మళ్లీ అడిగారు. మా జిల్లాలో పుట్టి అంటే 850 కిలోలని చిన్నపిల్లలకు కూడా తెలుసు, అందువల్లనే దాన్ని ఎవరికైనా చెప్పాలని తోచదు. మద్దతు ధర మాత్రం క్వింటాళ్లలో ప్రకటిస్తారు. 2024-25లో ‘ఎ’ గ్రేడు ధాన్యానికి క్వింటాకు 2,320 రూపాయలంటే మా లెక్కలో పుట్టికి 19,720 రూపాయలు. పుట్టిని ఎనిమిదిన్నర క్వింటాళ్లుగా మార్చే సూత్రాన్ని ఆమె పక్క గడిలోనే రాసి ఇచ్చారు. మనకు బాగా తెలిసినదే ఎదుటివారికి తెలియకపోవచ్చునన్నది ప్రశ్న రాసేటప్పుడు అన్నింటికంటే కష్టంగా తట్టే విషయమని నా అభిప్రాయం. అక్కడ ఎదుటివారు చొరవ తీసుకొని అడగడమే మార్గం.

చివరికి చేసిన పని చాలా చిన్నది. ఇదే అవసరం ఉన్నవారి కోసం రాస్తున్నాను. సీఎస్వీ ఫైలును నేరుగా తెరవకుండా, ఎక్సెల్‌లో ఖాళీ షీటు తెరిచి, డేటా విభాగంలో ‘ఫ్రమ్ టెక్స్ట్/సీఎస్వీ’ ద్వారా ఫైలును ఎంచుకోవాలి. ‘ఫైల్ ఆరిజిన్’ దగ్గర 65001 యూనికోడ్ యూటీఎఫ్-8 అని పెట్టాలి. ‘డేటా టైప్ డిటెక్షన్’ దగ్గర రకాన్ని గుర్తించవద్దనే అంశాన్ని ఎంచుకుంటే సర్వే నంబర్లూ ఖాతా నంబర్లూ ఉన్నవి ఉన్నట్టుగా వస్తాయి. పుట్ల నిలువు వరుసను మాత్రం తరువాత సంఖ్యలుగా మార్చుకుంటే చాలు. ఎక్సెల్ 2010లో ఇదే పనికి మూడు మెట్ల కిటికీ ఒకటి వస్తుంది, మొదటి మెట్టులో ఫైల్ ఆరిజిన్‌ను, మూడో మెట్టులో ఒక్కో నిలువు వరుసనూ ఎంచుకొని ‘టెక్స్ట్’ అని పెట్టాలి. యాప్ నుంచి దిగిన మూల ఫైలు మీద మాత్రం ఎన్నడూ తిరిగి సేవ్ చేయకూడదు, ఎందుకంటే పాత పద్ధతి సీఎస్వీగా సేవ్ అయితే తెలుగంతా ప్రశ్నార్థకాలైపోతుంది. గత సీజను జాబితా ఒకటి మా దగ్గర అలాగే ఉంటే, దాన్ని బాగుచేసే దారి లేదని, యాప్ నుంచి మళ్లీ దించుకోవడమే మేలని మీరు నిర్మొహమాటంగా చెప్పారు. లేని ఆశ పెట్టి రోజులు గడపనందుకు కూడా కృతజ్ఞతలు.

మా ప్రాంతపు సోదర సంఘాల వారికి ఒక మనవి. ‘పెద్దవాళ్ల సమయం ఎందుకు వృథా చేయాలి, క్లుప్తంగా అడుగుదాం’ అన్న మర్యాద మనలో చాలామందికి ఉంది. అది మంచి గుణమే గానీ, ఇక్కడ మాత్రం దానివల్ల సాయం చేసేవారికే ఎక్కువ శ్రమ అవుతుంది. చేయాలనుకున్న పని, చేసిన క్రమం, కనబడినది, కనబడవలసినది, వాడుతున్న యంత్రం, ఇంతవరకు ప్రయత్నించి చూసినవి రాసిన సందేశం పొడవుగా ఉన్నా చదివేవారికి హాయిగా ఉంటుంది. తెర ఫొటో ఒకటి జతచేస్తే ఇంకా మంచిది. కనబడిన సందేశాన్ని కాపీ చేసి అక్షరాలుగా కూడా పెడితే, వారు దాన్ని వెతికి చూసుకోగలుగుతారు.

మా దగ్గర అనులో టైపు చేసిన పాత సభ్యత్వ పట్టికలు ఇంకా ఉన్నాయి. వాటిని యూనికోడ్‌లోకి మార్చడానికి సాయపడతామని ఒంగోలు సోదరుడు ముందే మాట ఇచ్చి, అవి అను ఏ వెర్షన్‌లో టైపు అయ్యాయో, ఏ ఫాంటు వాడారో, ఏ ప్రోగ్రామ్‌లో సేవ్ చేశారో రాసి ఉంచమన్నారు. ఫాంటు పేర్లు రాసుకున్నాము, వెర్షన్ వివరం కోసం వాటిని టైపు చేసిన డీటీపీ సెంటరు వారిని కలవబోతున్నాము. సొంత వివరాలు తీసివేసిన ఒక పేజీ నమూనాతో పాటు అవన్నీ ఒకే సందేశంలో పంపుతాము.