గేజీకి దొరికే చల్లని గది పీసుకు దొరకదు

సంపాదకులకు నమస్కారం.

రాకెట్ ఎగిరిన మర్నాడు మీ పత్రికలో దానికి భాగాలు చేసిచ్చే మా బాలానగర్ పేరు కూడా కనబడుతుంటుంది. మా షెడ్డులో వాళ్ళు ఆ ముక్క కత్తిరించి గోడకు అంటిస్తారు. సంతోషమే. ఆ భాగాలను ఎంత ఎండలో కూర్చుని కొలుస్తామో కూడా ఒకసారి రాస్తారని ఈ ఉత్తరం.

ఐటీఐలో ఫిట్టర్ చదివి 26 ఏళ్ళుగా ఇన్‌స్పెక్షన్ బెంచీ దగ్గరే ఉన్నాను. మాది పది మెషిన్ల జాబ్‌వర్క్ షెడ్డు, పైన రేకులు. మే నెల మధ్యాహ్నం బెంచీ మీది థర్మామీటరు 38 చూపిస్తుంది. కొలతలకు ప్రపంచమంతా ఒప్పుకున్న ఉష్ణోగ్రత 20 డిగ్రీలు, 1931 నుంచీ అంతే.

పోయిన వేసవిలో 40 అల్యూమినియం హౌసింగులు, అంటే లోపల వేరే భాగం కూర్చునే తొడుగులు, చేశాం. బోరు, అంటే లోపలి గుండ్రటి రంధ్రం, 100 మిల్లీమీటర్లు, హెచ్7 టాలరెన్సు. అంటే 35 మైక్రాన్ల దాకా పెరగొచ్చు గానీ ఒక్క మైక్రాను కూడా తగ్గకూడదు. మిల్లీమీటరులో వెయ్యో వంతు మైక్రాను. సరిగ్గా ఆ కొలత ఉన్న ఉక్కు మాస్టర్ రింగులో బోర్ గేజీని, అంటే రంధ్రం కొలిచే పనిముట్టును, సున్నాకు సెట్ చేసుకుని ప్రతి పీసూ నేనే చూశాను. గేజీని లోపల మెల్లగా అటూ ఇటూ ఊపితే ముల్లు ఒక చోటి దాకా వెళ్ళి వెనక్కి తిరుగుతుంది. ఆ తిరిగే చోటే రీడింగు. చాలావాటికి ప్లస్ 12 మైక్రాన్ల దగ్గర తిరిగింది. ధైర్యంగా సంతకం పెట్టాను.

నాలుగో రోజు పీసులు తీసుకున్న కంపెనీ నుంచి ఫోను. బోర్లు టైటట! వాళ్ళు ఏసీ గదిలో రాత్రంతా ఉంచి పొద్దున కొలిస్తే 8 మైక్రాన్లు తక్కువ వచ్చింది.

గేజీలో తప్పు లేదు, నా చేతిలోనూ లేదు. వేడికి అల్యూమినియం ఉక్కు కంటే ఇంచుమించు రెండింతలు సాగుతుంది. 18 డిగ్రీల తేడాకు బోరు 41 మైక్రాన్లు పెరిగితే నా రింగు 21 మాత్రమే పెరిగింది. ఆ మిగతా 20 నన్ను ముంచింది.

లెక్క కట్టి తీసేయొచ్చు కదా అంటారు. తీసేస్తాం, పీసు ఎంత వేడిగా ఉందో తెలిస్తే. అప్పుడే మెషిన్ మీంచి దిగినదానికి పైన ఒక వేడి, లోపల ఒక వేడి. చల్లారనిద్దామంటే డెలివరీ టెంపో గేటు దగ్గర హారన్ కొడుతుంటుంది. ఇలాంటి తొందరలోనే కొన్ని చోట్ల కొలవకుండానే రిపోర్టు నింపేస్తారు. అలాంటి రిపోర్టు నాకు చూడగానే తెలుస్తుంది, పది పీసులకూ ఒకటే అంకె ఉంటుంది!

31 పీసులు మళ్ళీ మెషిన్ మీద పట్టి బోరు తీస్తే నిలిచాయి. మిగతా 9 సెట్టింగు కుదరక స్క్రాపు. ఓనరు నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

ఏసీ గది, సీఎంఎం అనే కొలతల మెషిన్ సొంతంగా పెట్టుకోవడం మాలాంటి షెడ్డుకు అయ్యే పని కాదు. గేజీలను మాత్రం ఏడాదికోసారి కాలిబ్రేషన్‌కు, అంటే సరిగ్గా చూపిస్తున్నాయో లేదో తేల్చడానికి, పంపుతాం, అక్కడ వాటిని 20 డిగ్రీల గదిలో కూర్చోబెడతారు. సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ 1968 నుంచి మా బాలానగర్‌లోనే ఉంది కాబట్టి నేర్పేవాళ్ళకు కొదవ లేదు. సూక్ష్మ, చిన్న పరిశ్రమల క్లస్టర్ పథకం కింద ఉమ్మడి సదుపాయ కేంద్రాలకు కేంద్రం గ్రాంటు కూడా ఇస్తోంది. బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లిలో తలా ఒక కొలతల గది పెట్టించేలా అధికారుల చెవిన వేయండి. గంటకింత అని తీసుకోనివ్వండి, కడతాం. రాత్రి పదింటి దాకా తెరిచి ఉంచాలి, మాకు పీసులు చేతికొచ్చేదే ఆరు దాటాక.

పీసులు రాత్రంతా అక్కడే చల్లారాలి కాబట్టి తాళం వేసుకునే అరలు తప్పకుండా ఉండాలి. పక్క షెడ్డు వాళ్ళ జాబు మా కంట పడకూడదు, మాది వాళ్ళ కంట పడకూడదు.

ఇట్లు,
ఒక ఇన్‌స్పెక్టర్,
బాలానగర్, హైదరాబాద్