పేర్లకు చోటు సరిపోయింది, విమానాలకే సరిపోలేదు

ఎడిటర్ గారికి,

కాన్‌బెర్రాలోని ఆస్ట్రేలియన్ వార్ మెమోరియల్ (యుద్ధాల్లో చనిపోయిన ఆ దేశ సైనికుల స్మారకం, మ్యూజియం) విస్తరణకు ఇంత ఖర్చెందుకు అని అడిగితే చాలు, సైనికులంటే గౌరవం లేదా అని మీదపడుతున్నారు. గౌరవం ఉంది కాబట్టే లెక్క అడుగుతున్నాం. 2018 నవంబరులో అక్కడి ప్రభుత్వం ప్రకటించింది 49.8 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లు, తర్వాత అది 55 కోట్ల దాకా వెళ్లింది.

నాకు అస్సలు మింగుడుపడనిది ఆ మెమోరియల్‌లోని ప్రదర్శనశాల ఆంజాక్ హాల్ సంగతి. 2001లో తెరిచారు, 2005లో ఆ దేశపు ఆర్కిటెక్టుల సంస్థ నుంచి పెద్ద అవార్డు కూడా వచ్చింది, అలాంటి భవనాన్ని ఇరవై ఏళ్లకే, 2021లో కూల్చేశారు. పెచ్చులూడి పడిపోతోందా అంటే అదేం లేదు, అదే చోట ఇంకా పెద్దది కావాలట. ఆర్కిటెక్టులు వద్దన్నారు, గతంలో ఆ మెమోరియల్‌కే డైరెక్టర్లుగా చేసిన ఇద్దరు వద్దన్నారు, పార్లమెంటు కమిటీకి జనం పంపిన అభిప్రాయాల్లోనూ ఎక్కువ భాగం వద్దనేవే. కమిటీ మాత్రం ఓకే చేసేసింది. మరి అభిప్రాయాలు అడగడం దేనికో!

ఇరాక్, అఫ్గానిస్థాన్‌లలో పనిచేసినవాళ్ల కథ చెప్పడానికి పాత భవనంలో చోటు లేదన్నది మెమోరియల్ వాళ్ల వాదన. చెప్పాల్సిన కథే, కాదనను. కానీ కొత్త హాళ్లలో పెడతామన్న వాటిలో హార్నెట్ యుద్ధ విమానం, చినూక్ హెలికాప్టర్ ఉన్నాయి. చోటు మింగేది ఇవే. చనిపోయిన లక్షా మూడు వేల మందికి పైగా సైనికుల పేర్లేమో 1941లో తెరిచిన పాత కట్టడం నడవాల్లోనే, కంచు పలకల మీద సరిపోయాయి.

వాషింగ్టన్‌లో వియత్నాం యుద్ధంలో చనిపోయిన అమెరికా సైనికుల స్మారకం, వియత్నాం వెటరన్స్ గోడ చూడండి. 58 వేలకు పైగా పేర్లు, రెండు నల్లరాతి గోడలు, అంతే. 1982లో దాన్ని కట్టడానికి అయిన 84 లక్షల డాలర్లు విరాళాలే. పక్కనే భూగర్భంలో ఒక ఎడ్యుకేషన్ సెంటర్ కట్టుకోవడానికి 2003లో అమెరికా కాంగ్రెస్ (అక్కడి పార్లమెంటు) అనుమతి ఇచ్చింది, డబ్బు మాత్రం మీరే తెచ్చుకోండి అంది. ఏళ్ల తరబడి విరాళాల కోసం తిరిగారు, చాలినంత రాలేదు, 2018లో ఆ ఆలోచనే మానుకున్నారు. జనం జేబులోంచి ఇష్టపడి ఇవ్వాల్సి వస్తే ఆగిపోయే విస్తరణ, ఖజానా నుంచి అయితే ఇట్టే సాగిపోతుందన్నమాట.

ఇంకోటి. కాన్‌బెర్రాలో ఈ పనులు నడుస్తుండగానే, సైనికుల, మాజీ సైనికుల ఆత్మహత్యలపై ప్రభుత్వం వేసిన విచారణ సంఘం, రాయల్ కమిషన్, 2022 ఆగస్టులో మధ్యంతర నివేదిక ఇచ్చింది. గాయాలకు, జబ్బులకు పరిహారం కోరుతూ మాజీ సైనికులు, సర్వీసులో ఉన్నవాళ్లు పెట్టుకున్న దరఖాస్తులు 40 వేలకు పైగా పెండింగులో ఉన్నాయని అందులో తేలింది. నివేదిక వచ్చాక అవి చూడటానికి కొత్త సిబ్బంది కావాల్సి వచ్చింది. హాలుకు డబ్బు ముందే దొరికింది, దరఖాస్తులు చూసే గుమాస్తాల వంతు తర్వాత వచ్చింది.

పైగా కట్టాక ఖర్చు ఆగదు. అంత పెద్ద హాళ్లకు ఏసీ, కరెంటు, కాపలా, ఆ యంత్రాలు తుప్పు పట్టకుండా చూసుకోవడం, ఇవన్నీ ఏటా ఉండేవే. ప్రకటించే రోజున మంత్రులెవరూ ఆ ముక్క ఎత్తరు. కాబట్టి ఏ దేశంలోనైనా ఇలాంటి విస్తరణ వార్త వచ్చినప్పుడు, భవనం నమూనా ఫొటో కింద ఏటా అయ్యే నిర్వహణ ఖర్చు ఎంతో, ఆ రోజుకు పెండింగులో ఉన్న మాజీ సైనికుల దరఖాస్తులు ఎన్నో కూడా మీ పత్రికలో వేయండి.

- ఒక పాఠకుడు