ఖాతా మా తమ్ముడిది, వాణ్ణే అడగండి

సంపాదకులకు నమస్కారం.

మా తమ్ముడికి 26 ఏళ్లు. పుట్టుకతోనే సెరిబ్రల్ పాల్సీ. చేతులు బిగుసుకుపోతాయి, మాట ముద్దముద్దగా వస్తుంది, చక్రాల కుర్చీ లేనిదే కదలలేడు. అలాగే బీకాం పూర్తి చేశాడు, ఒక్క వేలితో టైప్ చేసుకుంటూ ఇంటి నుంచే చేసే ఉద్యోగం తెచ్చుకున్నాడు. జీతం పడాలంటే వాడి పేరు మీద ఖాతా ఉండాలి. దానికోసం మూసారాంబాగ్‌లోని మా ఇంటి నుంచి బ్యాంకుకి మూడుసార్లు తిరిగాం. మీ పేపర్ చదివే ఇళ్లలో మా తమ్ముడి లాంటి పిల్లలు ఉంటారు, బ్యాంకుల్లో పనిచేసేవాళ్లూ ఉంటారు, ఇద్దరికీ చెప్పాలనే రాస్తున్నాను.

ముందు ఫోన్‌లోనే తెరుద్దామని చూశాం. వీడియో కేవైసీ అన్నారు, అంటే ఖాతా తెరిచే మనిషి ఎవరో వీడియోలో చూసి నిర్ధారించుకోవడం. ముఖం గుండ్రంలో పెట్టి కదలకుండా ఉండాలి, కళ్లు ఆర్పమన్నప్పుడు ఆర్పాలి. వాడి తల నిలవదు, నిలపాలని చూసేకొద్దీ ఇంకా ఊగుతుంది. నేను వెనక నుంచి పట్టుకుంటే ఇంకో మనిషి కనిపిస్తున్నారని కట్ అయిపోయింది. నాలుగుసార్లు అదే. నిజానికి యాసిడ్ దాడిలో ముఖం కాలిపోయి కళ్లు ఆర్పలేని మహిళలు, చూపు లేనివాళ్లు ఇదే కేవైసీ మీద సుప్రీంకోర్టుకి వెళ్తే, డిజిటల్ సేవలు అందుకోవడం కూడా ఆర్టికల్ 21 కింద జీవించే హక్కులో భాగమేనని కోర్టు 2025 ఏప్రిల్ 30న తీర్పు చెప్పి 20 ఆదేశాలు ఇచ్చింది. మా ఫోన్‌లో మాత్రం ఆ గుండ్రం అలాగే ఉంది.

సరేలే అని ఆటోలో బ్రాంచికి వెళ్లాం. ర్యాంప్ ఉంది, దాని మీద రెండు బైకులు పెట్టేశారు. వాచ్‌మన్ అన్న ఆ బండ్లవాళ్లని వెతికి పిలిచి తీయించాడు, ఆయనకి ఎన్ని దండాలు పెట్టినా తక్కువే. లోపల ఆఫీసర్ నా వైపు చూసి "మేడమ్, బాబుకి అర్థమవుతుందా?" అన్నారు. "అవుతుంది సార్" అని తమ్ముడే జవాబు చెప్పాడు. ఆ రెండు మాటలు బయటికి రావడానికి వాడికి కొంచెం టైం పడుతుంది, ఆలోపే ఆయన నన్ను రెండో ప్రశ్న అడిగేశారు. ఆ రోజంతా అంతే. ఖాతా వాడిది, ప్రశ్నలన్నీ నాకు.

ఇక సంతకం. ఫారంలో ఆ పెట్టె రెండు వేళ్ల వెడల్పు ఉంటుంది. వాడు పెన్ను పిడికిట్లో పట్టుకుని, పళ్లు బిగించి, నుదుటికి చెమటలు పడుతుంటే తన పేరు రాశాడు. మొదటి అక్షరం పెట్టెలో పడింది, చివరిది జారి కింద నామినీ గడిలోకి పోయింది. మిగతా రెండు చోట్లా పెట్టిన సంతకాలు దీనికి కలవలేదు. "మూడూ మూడు రకాలుగా ఉన్నాయి, రేపేమన్నా అయితే మాకు టెన్షన్" అని ఫారం వెనక్కి జరిపేశారు. అంతకన్నా నాకు ఎక్కువ బాధేసిన మాట తర్వాత వచ్చింది. "సెరిబ్రల్ పాల్సీ అంటున్నారు కదా, గార్డియన్ సర్టిఫికెట్ తెండి, లేకపోతే మీతో జాయింట్‌గా పెట్టేద్దాం."

అసలు గార్డియన్ ఎవరికి కావాలి? 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టంలో ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, ఒకటికి మించి వైకల్యాలు ఉన్నవాళ్ల కోసం జిల్లా స్థాయి కమిటీ గార్డియన్‌ని నియమించే ఏర్పాటు ఉంది, ఆ సర్టిఫికెట్ మీద బ్యాంకులు ఖాతా తెరవచ్చని రిజర్వ్ బ్యాంకు 2007లోనే చెప్పింది. తన డబ్బు సంగతి తను చూసుకోలేని పిల్లలున్న తల్లిదండ్రులకి అది పెద్ద ఆసరా, కాదనను. కానీ అది అవసరం ఉన్నవాళ్ల కోసం. జబ్బు పేరు వినగానే గార్డియన్ అనడం ఏం న్యాయం? మానసిక అనారోగ్యానికి మందులు వాడేవాళ్ల విషయంలో కూడా ప్రతి ఒక్కరినీ గార్డియన్ తెమ్మని పట్టుబట్టొద్దనే రిజర్వ్ బ్యాంకు చెప్పింది. మా వాడు మా ఇంటి కరెంటు బిల్లు నుంచి అమ్మ మందుల లెక్క దాకా అన్నీ చూస్తాడు. 2016 వికలాంగుల హక్కుల చట్టం సెక్షన్ 13 ప్రకారం తన డబ్బు వ్యవహారాలు తను చూసుకునే హక్కు వాడికి నాతో సమానంగా ఉంది.

సంతకానికీ దారి ఉంది. సంతకం చేయలేని ఖాతాదారు వేలిముద్ర వేస్తే, చేతివేలు కుదరకపోతే కాలివేలిది వేసినా, బ్యాంకుకి తెలిసిన ఇద్దరు సాక్షులు గుర్తిస్తే చాలు, అందులో ఒకరు బ్యాంకు అధికారి అయి ఉండాలి. రెండు చేతులూ లేనివాళ్లు కూడా గుర్తు పెట్టి ఖాతా నడుపుకోవచ్చు. ఈ నిబంధనలు కొత్తవేం కావు. రెండోసారి వెళ్లి ఇవి నోటితో చెబితే "మాకు అలా ఏం రాలేదమ్మా" అన్నారు. మూడోసారి ప్రింట్లు తీసుకెళ్లాం, ఖాతా ఇవ్వకపోతే కారణం కాగితం మీద రాసివ్వమని తమ్ముడి పేరుతో అర్జీ పెట్టాం. ఆ అర్జీ చూశాక మేనేజర్ గారు తన గదిలోంచి లేచి వచ్చి, కుర్చీ పక్కన వంగి, "బాబూ, నీ పేరు మీదే పెడుతున్నాం, వేలు ఇవ్వు" అని వాడితోనే మాట్లాడారు. బిగుసుకున్న ఆ బొటనవేలిని మెల్లగా విప్పి ఇంకు పూసి ముద్ర వేయించడానికి పది నిమిషాలు పట్టింది. ఆయన తొందరపెట్టలేదు. ఇదే పని మొదటి రోజే జరగాల్సింది.

జీతం పడిన మెసేజ్ వాడి ఫోన్‌కి వస్తే అమ్మకి చూపించాడు, నాకు చూపించాడు, కింద పోర్షన్ ఆంటీకి కూడా చూపించాడు.

కానీ ఏటీఎం కార్డు ఇవ్వలేదు. "రిస్క్ ఎందుకమ్మా, డబ్బులు కావాలంటే మీరే రండి" అంటున్నారు. చూపు లేనివాళ్లకి చెక్కుబుక్కు, ఏటీఎం, నెట్ బ్యాంకింగ్, లాకర్, అప్పులు ఏ తేడా లేకుండా ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు 2008 జూన్‌లోనే ఆదేశించింది. వికలాంగుల ఇంటికే వెళ్లి సేవలు అందించాలని 2017 నవంబరులో చెప్పింది. మరి మా వాడి దగ్గరికి వచ్చేసరికి రిస్క్ ఎక్కడి నుంచి వచ్చింది? నేను అడిగేది ఒక్కటే. ఈ నిబంధనలు ఒక పేజీ మీద తెలుగులో రాసి ప్రతి బ్రాంచిలో అతికించండి, కౌంటర్లో కూర్చునేవాళ్లకి ఒక పూట కూర్చోబెట్టి చెప్పండి. ఇలా తిరుగుతున్న ఇళ్లవాళ్లు కూడా నోటిమాటతో వెనక్కి రావొద్దు, రాసిచ్చి రసీదు తీసుకోండి, 30 రోజుల్లో బ్యాంకు తేల్చకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి ఫిర్యాదు చేయొచ్చు, వివరాలకి 14448 నంబరు ఉంది.

కార్డు కోసం పోయిన సోమవారం మళ్లీ అర్జీ ఇచ్చాం. ఈసారి మొత్తం తమ్ముడే టైప్ చేశాడు, కింద వేలిముద్ర వేశాడు. రసీదు మీద బ్యాంకు ముద్ర కొట్టించుకుని, దాన్ని వాడి కుర్చీ సంచీలోనే పెట్టుకున్నాడు.

ఒక అక్క,
మూసారాంబాగ్, హైదరాబాద్