ముగ్గులు చూడటానికి భోపాల్ దాకా వెళ్ళాలా? (జనవరి వార్తాలేఖ)

గౌరవనీయులైన తల్లిదండ్రులకు నమస్కారం.

సంక్రాంతి సెలవులు బాగా గడిచాయనుకుంటాను. సోమవారం పొద్దున ప్రార్థనలో ఆవులించిన పిల్లల్ని చూస్తే బాగానే గడిచినట్టుంది.

మామూలు విషయాలు ముందే చెప్పేస్తాను. మూడో టర్మ్ ఫీజు నెలాఖరులోపు కట్టాలి. పదో తరగతి ప్రీ ఫైనల్ టైమ్‌టేబుల్ డైరీలో అంటించాం. మూడో నంబరు బస్సు ఇకమీదట పది నిమిషాలు ముందే బయల్దేరుతుంది. కంటి పరీక్షల క్యాంపులో అద్దాలు రాసిచ్చిన పిల్లలు ఇంకా బోర్డు దగ్గరికొచ్చి కళ్ళు చికిలించుకుంటూనే చదువుతున్నారు. దయచేసి.

ఇక అసలు సంగతి. తొమ్మిదో తరగతి పిల్లలు డిసెంబరులో భోపాల్ వెళ్ళొచ్చినప్పటి నుంచి మీ వాట్సాప్ గ్రూపుల్లో ఏం నడుస్తోందో నాకు తెలుసు. నేను ఆ గ్రూపుల్లో లేను, కానీ స్క్రీన్‌షాట్లు కాళ్ళొచ్చి నా దాకా నడిచి వస్తాయి. "పెద్ద చెరువులో పడవ ఎక్కించలేదట." "షాపింగ్‌కి గంట కూడా ఇవ్వలేదట." అన్నిటికన్నా ఎక్కువ బొటనవేళ్ళు పడిన మాట ఇది: "ముగ్గులు చూడటానికి భోపాల్ దాకా వెళ్ళాలా? మా ఇంటి ముందు రోజూ ఉంటాయి."

పడవ విషయం మొదట తేల్చేస్తాను. మేం చూడటానికి వెళ్ళిన కళాకేంద్రం భారత్ భవన్ ఆ చెరువు గట్టు మీదే ఉంది, పడవలు కళ్ళ ముందే తిరుగుతున్నాయి. సాంచి నుంచి రావడం ఆలస్యమైంది. మిగిలిన కాసేపట్లో పడవా, లోపలి బొమ్మలా అని తేల్చుకోవాల్సి వచ్చింది. తేల్చింది నేనే. పాపం పీఈటీ సారుకు ఫోన్లు చేసి విసిగించకండి, ఆయన పడవ పార్టీయే.

ఇప్పుడు ముగ్గుల మాట. అది రాసిన నాన్నగారికి కృతజ్ఞతలు. ఎందుకంటే మేం అక్కడికి వెళ్ళిందే ఆ మాట కోసం.

భూరీబాయి అని ఒకావిడ ఉన్నారు. మధ్యప్రదేశ్‌లో ఝాబువా జిల్లా, పిటోల్ ఊరు, భిల్లు కుటుంబం. చిన్న వయసులోనే కూలి కోసం భోపాల్ వచ్చారు. 1982లో తెరిచిన ఆ భారత్ భవన్‌ని కడుతున్నప్పుడు అక్కడే రోజుకు ఆరు రూపాయలకు కూలి చేశారు. అక్కడి కళా విభాగం బాధ్యత చూస్తున్న చిత్రకారుడు జగదీశ్ స్వామినాథన్, మీ ఊళ్ళో గోడల మీద ఏం బొమ్మలు వేస్తారని కూలీలను అడిగాడు. కాగితం, రంగులు చేతికిచ్చి, బొమ్మలు వేస్తే రోజుకు పది రూపాయలు ఇస్తానన్నాడు. ఆమెకు అప్పటికి హిందీ కూడా సరిగా రాదు. పైగా భిల్లుల్లో పూజ కోసం గోడ మీద వేసే పిథోరా గుర్రాలను మగవాళ్ళే వెయ్యాలి, ఆడవాళ్ళు వెయ్యకూడదు. ఆమె గుర్రం జోలికి పోకుండా తన చెట్లు, తన నెమళ్ళు, తన గుడిసెలు వేశారు, చుక్క పక్కన చుక్క పెట్టుకుంటూ. 2021లో పద్మశ్రీ ఇచ్చారు. భోపాల్‌లోనే ఉన్న గిరిజన మ్యూజియంలో 70 అడుగుల గోడ మీద ఆమె తన జీవితకథను తానే బొమ్మలుగా వేసుకున్నారు. మన పిల్లలు ఆ గోడ వెంట ఈ కొస నుంచి ఆ కొస దాకా నడిచారు. నలభై మంది తొమ్మిదో తరగతి పిల్లలు ఒక్క సెల్ఫీ కూడా తీసుకోకుండా నడవడం నేను నా ఉద్యోగంలో మొదటిసారి చూశాను. (తర్వాత తీసుకున్నారు లెండి.)

దుర్గాబాయి వ్యామ్ గారిది ఇంకా మన కథ. గోండు కుటుంబం, బడి మొహం చూడలేదు. గోండు ఇళ్ళలో పండగకూ పెళ్ళికీ నేల మీద, గోడ మీద ఆడవాళ్ళు వేసే గీతల అల్లికను దిగ్నా అంటారు. అంటే మన ముగ్గుకు అక్కచెల్లెలే. చిన్నప్పుడు ఇంట్లో అది నేర్చుకున్న ఆ చేతికే 2022లో పద్మశ్రీ వచ్చింది. బైగా తెగకు చెందిన జోధయ్యాబాయి గారైతే బొమ్మలు వెయ్యడం మొదలుపెట్టిందే దాదాపు డెబ్బై ఏళ్ళప్పుడు. ఆమెకు 2023లో. "ఈ వయసులో మా అమ్మకి డ్రాయింగ్ ఎందుకు మేడమ్" అని నాతో నవ్వుతూ అన్న ఒక తల్లికి ఈ వాక్యం ప్రత్యేకంగా రాస్తున్నాను.

భూరీబాయి, దుర్గాబాయి ఇంట్లో నేర్చిన పనినే అక్కడా చేశారు. మ్యూజియం కలిపిందల్లా పక్కన ఒక చిన్న చీటీ. దాని మీద ఒక పేరు.

మన దగ్గర లేనిది ఆ చీటీయే. మనం వేయి స్తంభాల గుడి దగ్గర ఎంగిలిపూల బతుకమ్మ ఆడే ఊరివాళ్ళం. తంగేడు, గునుగు, బంతి, వరుస మీద వరుస, రంగు మీద రంగు, కొలబద్ద లేకుండా గుండ్రంగా పేర్చి, ఆడే ప్రతి రోజూ కొత్తది చేసి నీళ్ళలో వదిలేస్తారు మన ఇళ్ళ ఆడవాళ్ళు. అది శిల్పం కాకపోతే ఇంకేది శిల్పమో నాకు చెప్పండి. "ఎంత పెద్ద బతుకమ్మో" అంటాం గానీ ఎవరు పేర్చారని అడగం. పొద్దున ముగ్గు మీదుగా బండి పోనిచ్చి ఆఫీసుకు వెళ్తాం.

పేరున్న వాళ్ళకీ ఇది తప్పలేదు, అది కూడా మన హైదరాబాదులోనే. చిత్రకారిణి అమృతా షేర్‌గిల్ తన బొమ్మలు పట్టుకుని ఇటు వచ్చినప్పుడు నవాబ్ సాలార్‌జంగ్ వాటిని తిప్పి పంపేశారు. మైసూరు మహారాజు రవివర్మ బొమ్మలే కావాలన్నారు. ఆమె 1941లో 28 ఏళ్ళకే చనిపోయారు. డబ్బు లెక్క చెబితే గానీ మనకు నమ్మకం కుదరదు కాబట్టి చెబుతున్నాను: ఆమె 1937లో వేసిన ఒక్క చిత్రం 2023 వేలంలో 61.8 కోట్లకు పోయింది. సాలార్‌జంగ్ మ్యూజియానికి మీరు పిల్లల్ని తీసుకెళ్ళినప్పుడు, మేలిముసుగు రెబెకా శిల్పం ముందూ గంటల గడియారం ముందూ నిలబడ్డాక ఈ కథ కూడా చెప్పండి.

అందుకే సెలవులకు ముందు మన పై అంతస్తు వరండాలో పిల్లలు మ్యూజియం పెట్టారు. ఇంట్లో వేసిన ముగ్గుల ఫొటోలు, కుట్టిన బొంతలు, అల్లిన తోరణాలు, ఒకామె నలభై ఏళ్ళ క్రితం దిండు గలీబు మీద కుట్టిన జంట చిలకలు. ఒక్కోదాని కింద చీటీ: చేసినవారి పేరు, ఊరు, నేర్పినవారు. గొడవ చీటీ దగ్గరే మొదలైంది. పేరు గడిలో చాలామంది "నాయనమ్మ" అని రాసుకొచ్చారు. అసలు పేరు అడిగితే బిక్కమొహాలు. ఇంటికి వెళ్ళి కనుక్కోమన్నాం. ఒకబ్బాయికి ఇంట్లో ముగ్గురిని అడిగినా తేలక, చివరికి రేషన్ కార్డు తీసి చూడాల్సి వచ్చిందట. ఆమె ఆ ఇంట్లో యాభై ఏళ్ళుగా ఉంటున్నారు.

ఇద్దరు తండ్రులు ఫోన్ చేసి, ఇంటి ఆడవాళ్ళ పేర్లు గోడకెక్కించడం బాగోలేదన్నారు. వద్దన్నది ఆమేనా, మీరా అని మాత్రమే అడిగాను. ఒకరు సాయంత్రం మళ్ళీ చేసి ఉండనివ్వండి అన్నారు. రెండో చీటీ తీసేశాం. ముగ్గు ఉంది, దాని కింద తెల్ల కాగితం ఉంది.

పిల్లల గురించి చెప్పకుండా ఉండలేను. పేర్లు రాస్తే మిగతావాళ్ళు అలుగుతారు, అయినా మీకు తెలిసిపోతుంది. నేను లెక్కల టీచర్ని, కాబట్టి ముందు మా లెక్కలవాడు. సందు చుక్క, మధ్య వరుస పదిహేను, రెండు పక్కలా వరుసకో చుక్క తగ్గిస్తూ ఎనిమిది వరకు పెట్టే ముగ్గులో మొత్తం ఎన్ని చుక్కలని సరదాకి అడిగాను. యూనిట్ టెస్టుల్లో ఎప్పుడూ పాస్ మార్కుల గట్టు మీద నడిచే అబ్బాయి, అందరూ వేళ్ళ మీద కూడుతుండగా, రెండు పక్కలా వరుసలు ఒకటే కదా మేడమ్ అంటూ 77 రెండుసార్లు వేసి మధ్య 15 కలిపి 169 అన్నాడు. అంతటితో ఆగకుండా "అది పదమూడు పదమూళ్ళు కదా" అన్నాడు. వాళ్ళ అమ్మమ్మ ఆ 169 చుక్కలనూ తెల్లవారకముందు చీకట్లో, పిండి జారవిడుస్తూ పెడుతుంది. ఇంకో అమ్మాయి మ్యూజియానికి పెట్టిన కేటలాగు నా దగ్గరే ఉంచేసుకున్నాను, తిరిగి ఇవ్వను. నేర్పినవారు అన్న గడిలో వాళ్ళ ఇంటి వరుసను నాలుగు తరాల వెనక్కి తీసుకెళ్ళింది, అన్నీ ఆడవాళ్ళ పేర్లే. కాళ్ళ నొప్పులతో రెండంతస్తులు ఎక్కి వచ్చిన ఒక నాయనమ్మగారు తన చీటీ ముందు నిలబడి, మనవడితో మూడుసార్లు చదివించుకుని, ఇంటిపేరులో దీర్ఘం పోయిందని దిద్దించి వెళ్ళారు.

ఇక కొన్ని చిన్న విన్నపాలు, నొచ్చుకోకుండా వినండి. ఈ మ్యూజియానికి వచ్చిన వాటిలో పదకొండు చార్టులు స్టేషనరీ దుకాణంలో కొన్నవి. ధర చీటీ కూడా తీయలేదు. ఒక తోరణం వెనకాల ఆన్‌లైన్ కంపెనీ స్టిక్కర్ ఉంది. మీ పిల్లల ప్రాజెక్టు మీరు చేసిపెట్టడం ప్రేమేనని ఒప్పుకుంటాను, మార్కులు మాత్రం మీకు వెయ్యలేను. డ్రాయింగ్ పీరియడ్‌ను లెక్కలకు ఇవ్వమని మళ్ళీ ఉత్తరాలు వచ్చాయి. లెక్కల టీచర్నే చెబుతున్నాను, ఇవ్వను. సంవత్సరం చివర డ్రాయింగ్ పుస్తకాలను పాత పేపర్లవాడికి తూకానికి వేసే ముందు కనీసం ఒకసారి తిరగెయ్యండి. ఇంకొకటి. "సంక్రాంతి రోజు మా ఇల్లు" అని ఆరో తరగతికి వ్యాసం ఇస్తే, ఒక పాప రాసింది: "నేను, అక్క చుక్కలు పెట్టాము. అన్న ఫోన్ చూస్తూ ఫొటో తీసి స్టేటస్ పెట్టాడు." ఈ వాక్యం కొద్ది మార్పులతో తొమ్మిది నోటు పుస్తకాల్లో ఉంది. నేనేమీ అనడం లేదు.

ప్రదర్శన శనివారం దాకా, రోజూ మూడు నుంచి ఐదు వరకు ఉంటుంది. శనివారం అమ్మలు, అమ్మమ్మలు, నాయనమ్మలు వస్తే కింది వరండాలో ముగ్గులు వేద్దాం. పిండి మాది. వరండా కడగడం, పేడనీళ్ళు చల్లడం తొమ్మిదో తరగతి మగపిల్లల డ్యూటీ. ఇప్పటికే రెండు బకెట్లు విరగ్గొట్టారు. నాన్నలు కూడా రావచ్చు, చీటీలు రాయడానికి మంచి దస్తూరి ఉన్నవాళ్ళు కావాలి. బళ్ళు మాత్రం గేటు బయటే పెట్టండి.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు,
హనుమకొండ

తా.క.: కాజీపేట స్టేషన్‌లో దిగేటప్పుడు దొరికిన నీలం స్వెట్టరు, రెండు స్టీలు టిఫిన్ డబ్బాలు, ఒక ఎడమ కాలి చెప్పు ఇంకా ఆఫీసులోనే ఉన్నాయి. ఒక డబ్బాలో పులిహోర ఉండేది.